స్విచింగ్ రెగ్యులేటర్ పెడితే బ్యాటరీ ఆదా అయినట్లేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

బ్యాటరీతో నడిచే చిన్న పరికరాలకు పవర్ సప్లై సర్క్యూట్లు రూపొందించడం నా వృత్తి. డిజైన్ సమీక్షకు కూర్చున్నప్పుడల్లా "లీనియర్ రెగ్యులేటర్ తీసేసి స్విచింగ్ రెగ్యులేటర్ పెట్టాం, ఇక బ్యాటరీకి ఢోకా లేదు" అనే మాట వినిపిస్తూనే ఉంటుంది. బ్యాటరీ వోల్టేజీని సర్క్యూట్‌కు కావలసిన స్థాయికి మార్చి నిలకడగా ఉంచే భాగమే రెగ్యులేటర్. ఆ మాటలో నిజం సగమే.

అపోహ: రెండూ వోల్టేజీని తగ్గించేవే కాబట్టి వాటి మధ్య తేడా స్వల్పం.

వాస్తవం: లీనియర్ రెగ్యులేటర్‌లో లోడుకు (కరెంటు వాడుకునే భాగానికి) వెళ్లే కరెంటంతా బ్యాటరీ నుంచే వస్తుంది, మిగులు వోల్టేజీ వేడిగా పోతుంది. 3.7 వోల్టుల లిథియం అయాన్ సెల్ నుంచి 1.8 వోల్టుల ప్రాసెసర్‌కు 100 మిల్లీయాంపియర్లు ఇవ్వాలంటే సెల్ 370 మిల్లీవాట్లు ఖర్చు పెట్టాలి. ప్రాసెసర్‌కు చేరేది 180, మిగతా 190 రెగ్యులేటర్‌ను వేడెక్కించడానికే సరిపోతాయి. వోల్టేజీని తగ్గించే స్విచింగ్ రెగ్యులేటర్ అయిన బక్ కన్వర్టర్‌లో ట్రాన్సిస్టర్ సెకనుకు లక్షల సార్లు స్విచ్‌లా పనిచేస్తుంది. అది ఆన్‌లో ఉన్నప్పుడు దాని మీద వోల్టేజీ దాదాపు ఉండదు, ఆఫ్‌లో ఉన్నప్పుడు దానిలో కరెంటు ఉండదు కాబట్టి, మారే ఆ కొద్ది క్షణాలను మినహాయిస్తే వృథా చాలా తక్కువ. శక్తిని ఇండక్టర్ (తీగచుట్ట) దాచుకొని లోడుకు అందిస్తుంది. సామర్థ్యం 90 శాతం అనుకుంటే సెల్ మీద పడే భారం 200 మిల్లీవాట్లు, అంటే సుమారు 54 మిల్లీయాంపియర్లు. లోడులోకి 100 వెళ్తుంటే సెల్ నుంచి 54 మాత్రమే రావడం చూసి, కొత్తగా చేరినవాళ్లు మీటరు పాడైందేమోనని ఒకసారి తట్టి చూస్తారు.

అపోహ: అయితే లీనియర్ రెగ్యులేటర్ ఎక్కడ పెట్టినా దండగే.

వాస్తవం: 3.6 వోల్టుల నుంచి 3.3 వోల్టులకు దిగేటప్పుడు దాని సామర్థ్యం దాదాపు 92 శాతం. ఇంత చిన్న తేడాకు, అందులోనూ తక్కువ కరెంటుకు, ఇండక్టర్ పెట్టి సాధించేది పెద్దగా ఉండదు.

అపోహ: డేటాషీట్ (చిప్ తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) మొదటి పేజీలో 95 శాతం అని ఉంటే మన పరికరంలోనూ అంతే వస్తుంది.

వాస్తవం: అది ఆ చిప్ తన గ్రాఫులో ఎక్కిన శిఖరం. స్విచ్‌ను నడపడానికి అయ్యే ఖర్చు లోడు ఎంత తగ్గినా తగ్గదు కాబట్టి, లోడు మైక్రోయాంపియర్లకు పడిపోయినప్పుడు ఆ ఖర్చే మొత్తాన్ని మింగేస్తుంది. అందుకే లోడు తేలికైనప్పుడు కొన్ని పల్సులు ఇచ్చి, అవుట్‌పుట్ కాస్త తగ్గేదాకా నిద్రపోయే పీఎఫ్ఎమ్ (పల్స్ ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్) విధానం ఈ చిప్‌లలో ఉంటుంది.

ఇది నాకు నా సొంత పొరపాటు నేర్పిన పాఠం. ప్రతి పది నిమిషాలకు లేచి, రెండు సెకన్ల పాటు 60 మిల్లీయాంపియర్లు వాడుకొని, మళ్లీ నిద్రపోయే సెన్సర్ పరికరం అది. సగటున 0.2 మిల్లీయాంపియర్లే కాబట్టి 2000 మిల్లీయాంపియర్ అవర్ల సెల్ ఏడాదికి పైగా వస్తుందని లెక్క వేశాను. మూడు వారాలు తిరక్కుండానే పరికరం ఆగిపోయింది. బోర్డు నిద్రలో ఉండగా సెల్‌కు వరుసలో మీటరు కలిపి చూస్తే, కొన్ని మైక్రోయాంపియర్లు కనిపించాల్సిన చోట 4 మిల్లీయాంపియర్లు ఉన్నాయి. రెగ్యులేటర్ పనిచేసే విధానాన్ని ఎంచే మోడ్ పిన్‌ను నేను నేరుగా సప్లైకి కలిపేశాను. ఆ చిప్‌లో దాని అర్థం, లోడు ఉన్నా లేకపోయినా పూర్తి వేగంతో స్విచింగ్ చేస్తూ ఉండమని. ట్రేస్‌ను (బోర్డు మీది రాగి దారిని) బ్లేడుతో కోసి, వెంట్రుకంత తీగతో ఆ పిన్‌ను గ్రౌండుకు అతికిస్తే మీటరు అంకె మైక్రోయాంపియర్లకు దిగింది. అప్పటి నుంచి సామర్థ్యం అంకె కన్నా ముందు, లోడు లేనప్పుడు చిప్ ఎంత తాగుతుందో చూస్తున్నాను.

అపోహ: లిథియం సెల్ నుంచి 3.3 వోల్టులు కావాలంటే బక్-బూస్ట్ (వోల్టేజీని తగ్గించనూ పెంచనూ గల కన్వర్టర్) తప్పనిసరి.

వాస్తవం: సెల్ 4.2 నుంచి 3.0 వోల్టుల దాకా దిగుతుందన్న మాట నిజమే గానీ, మామూలు ఉష్ణోగ్రతలో, ఓ మోస్తరు లోడు మీద, 3.4 వోల్టుల కింద మిగిలే చార్జీ కొద్దిపాటిదే. ఆ కొసరు కోసం మొదటి నుంచి చివరిదాకా రెండు అదనపు స్విచ్‌ల నష్టం భరించడం చాలాసార్లు గిట్టుబాటు కాదు. అయితే చలిలో, లేదా రేడియో ఒక్కసారిగా పెద్ద కరెంటు లాగినప్పుడు, సెల్ అంతర్గత నిరోధం వల్ల వోల్టేజీ చప్పున పడిపోతుంది. అలాంటి పరికరాలకు బక్-బూస్ట్ నిజంగానే అవసరం.

అపోహ: స్విచింగ్ రెగ్యులేటర్ శబ్దమయం (అంటే దాని వోల్టేజీలో విద్యుత్ అలజడి ఎక్కువ), కాబట్టి ఆడియోకు, సెన్సర్లకు, రేడియోకు పనికిరాదు.

వాస్తవం: బక్‌తో 2.0 వోల్టులకు దించి, దాని వెనుక లీనియర్ రెగ్యులేటర్‌తో 1.8 వోల్టులు చేసుకుంటే రిపుల్ (అవుట్‌పుట్ వోల్టేజీలోని చిన్న అలలు) బాగా అణుగుతుంది, మొత్తం సామర్థ్యం 80 శాతం చుట్టుపక్కల నిలుస్తుంది. మెగాహెర్ట్జ్ స్థాయి శబ్దాన్ని మాత్రం చాలా లీనియర్ రెగ్యులేటర్లు అంతగా ఆపలేవు. దాన్ని పుట్టినచోటే, అంటే ఇన్‌పుట్ కెపాసిటర్‌ను చిప్‌కు ఆనించి పెట్టడంతోనే, కట్టడి చేయాలి. పీఎఫ్ఎమ్‌లో చిక్కు ఇంకో రకం: పల్సుల గుంపులు వినికిడి పరిధిలోకి దిగితే సిరామిక్ కెపాసిటర్లు సన్నగా కూత పెడతాయి, రేడియోకూ ఆ రిపుల్ గిట్టదు. మా సెన్సర్ బోర్డు తర్వాతి కూర్పులో మోడ్ పిన్‌ను ప్రాసెసర్‌కే కలిపాం. రేడియో పనిచేసే ఆ రెండు సెకన్లు ఆ పిన్ పైకి లేచి చిప్ పూర్తి వేగంతో స్విచింగ్ చేస్తుంది, మిగతా తొమ్మిది నిమిషాల యాభై ఎనిమిది సెకన్లూ కిందే, అంటే పీఎఫ్ఎమ్‌లోనే, ఉంటుంది.