తగ్గిన జ్వరం మళ్లీ వస్తే

"ఏంది సార్, తగ్గిందన్నారు గదా, మళ్లా జొరమేంది?" 2021 మే నెలలో నెల్లూరులో ఐసీయూ తలుపుల బయట ఈ మాట వినబడుతూనే ఉండేది. అప్పుడు అందరి నోటా బ్లాక్ ఫంగసే. కన్నునీ దవడనీ తినేస్తుంది, ఎదురుగా కనబడుతుంది కాబట్టి దాని పేరే మోగిపోయింది. రక్తంలోకి చేరే ఇంకో ఫంగస్‌ను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

అది కాండిడా. బూజు కాదు, ఈస్ట్. తాటికల్లును పొంగించే ఈస్ట్‌కు దూరపు చుట్టం. మనలో చాలామంది నోట్లో, పేగుల్లో గుట్టుగా కాపురం చేస్తుంటుంది. పేగులోని బాక్టీరియా దాన్ని పెరగనివ్వవు, పేగు గోడ దాటనివ్వదు, దాటినా తెల్లకణాలు మింగేస్తాయి.

కరోనాయో ఫ్లూయో ముదిరి వెంటిలేటర్ ఎక్కిన మనిషికి ఈ కాపలాలన్నీ సడలిపోతాయి. అందులో వైద్యం పాత్ర కూడా తక్కువేం కాదు. యాంటీబయాటిక్స్ మంచి బాక్టీరియానూ ఊడ్చేస్తాయి. స్టెరాయిడ్లు తెల్లకణాల చేతులు కట్టేస్తాయి. అలాగని వాటిని తిట్టిపోయలేం: వెంటిలేటర్ మీదున్న కరోనా రోగుల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మరణాలను సుమారు మూడోవంతు తగ్గిస్తుందని 2020 జూన్‌లో బ్రిటన్‌లో తేలింది. అవసరం లేనివాళ్లకూ రోజుల తరబడి ఎక్కించడమే తప్పు.

నా లెక్కలో అసలు దారి మెడ దగ్గర పెద్ద సిరలోకి వేసే సెంట్రల్ లైన్. రొయ్యల గుంటలో పైపుకు పాకుడు పట్టినట్టు, కాండిడా ఆ గొట్టానికి అంటుకుని జిగురు పొర కట్టుకుంటుంది. లోపలున్న కణాలకు మందు సరిగా అందదు. అందుకే వీలైనంత త్వరగా ఆ లైన్ తీసేస్తారు. "ఆ గొట్టం ఇంకా అవసరమా సార్?" అని బంధువులు అడగడంలో తప్పేమీ లేదు.

పట్టుకోవడమే కష్టం. జ్వరం, బీపీ పడిపోవడం, యాంటీబయాటిక్ మార్చినా ఫలితం లేకపోవడం, ఇవే గుర్తులు. రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే బ్లడ్ కల్చర్ పరీక్షకు రెండు మూడు రోజులు పడుతుంది, పైగా దాదాపు సగం కేసుల్లో దొరకదు.

కాండిడాల్లో ఆరిస్ అనే రకం మరీ మొండిది. 2009లో జపాన్‌లో ఒక రోగి చెవిలో దొరికింది, లాటిన్‌లో ఆరిస్ అంటే చెవి. చాలా శిలీంధ్రాలు మన ఒంటి వేడికే తట్టుకోలేవు. ఇది 42 డిగ్రీల్లోనూ పెరుగుతుంది, అంటే మన రోహిణి కార్తె ఎండ దానికో లెక్క కాదు. మంచం కమ్మీల మీద వారాలపాటు బతుకుతుంది, ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందుకు తరచూ లొంగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో దీన్ని అత్యంత ప్రమాదకరమైన నాలుగు ఫంగస్‌లలో చేర్చింది.

ఫంగస్ కణం మన కణాన్నే పోలి ఉంటుంది కనుక మందులు తక్కువ. కాస్పోఫంజిన్ లాంటివి మనకు లేని దాని కణకవచాన్ని దెబ్బతీస్తాయి. కల్చర్ శుభ్రంగా వచ్చిన రోజు నుంచి కనీసం 14 రోజులు వాడాలి. రక్తంలోంచి కంటి లోపలికి చేరిందేమోనని కంటి డాక్టరునూ పిలుస్తారు. ఆయన ఐసీయూలోకి వెళ్లడం చూసి, బ్లాక్ ఫంగసేమోనని బయటున్నవాళ్లు హడలిపోయేవాళ్లు.