పగిలినా జారిపోని అద్దం

హన్మకొండ, కాజీపేటల్లో ఇప్పుడు లేస్తున్న కొన్ని ఖరీదైన ఇళ్లలో హాలుకు ఒకవైపు గోడే ఉండదు, నేల నుంచి స్లాబ్ దాకా అద్దమే. ఇల్లు కట్టుకునేవాళ్లు ముందు అడిగేది 'ఎన్ని ఎంఎం మందం?' అని. నన్నడిగితే, పగిలాక అది ఫ్రేములో నిలబడుతుందా అని ముందు అడగాలి.

గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. భవనాలు తట్టుకోవాల్సిన భారాలను చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875. అది హైదరాబాద్‌కు పెట్టిన మూల వేగం, అంటే డిజైన్ లెక్కలకు మొదట తీసుకునే గాలి వేగం, సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు సుమారు 158 కిలోమీటర్లు. ఆ గాలి పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పున్న అద్దాన్ని దాదాపు టన్ను బరువుతో నెడుతుంది. సముద్రం దూరమని ధీమా పడలేం. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో వేలాది చెట్లు గాలికే కూలిపోయాయి.

అయితే గాలి కంటే అది మోసుకొచ్చే వస్తువులే ప్రమాదం. మన ఎండాకాలపు గాలిదుమారానికి పక్కింటి రేకు లేచి వస్తుంది. టఫెన్డ్ అద్దం (వేడి చేసి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరచినది) గట్టిదే, కానీ పగిలిందంటే చిన్న చిన్న పలుకులై మొత్తం రాలిపోతుంది. ఆ ఖాళీలోంచి గాలి లోపలికి దూరి పైకప్పును కింది నుంచి ఎత్తుతుంది. ఆర్‌సీసీ స్లాబ్ తట్టుకుంటుంది. ఫాల్స్ సీలింగ్, రేకుల పైకప్పు తట్టుకోవు.

అమెరికాలో 1992 నాటి ఆండ్రూ తుఫాను తర్వాత మయామీ ప్రాంతంలో కఠినమైన పరీక్ష పెట్టారు. సుమారు నాలుగు కిలోల చెక్కదుంగను సెకనుకు 15 మీటర్ల వేగంతో అద్దానికేసి కొడతారు. ఆ తర్వాత గాలి ఒత్తిడిని 9,000 సార్లు పెంచుతూ తగ్గిస్తూ చూస్తారు. అద్దం పగలొచ్చు, చిల్లు మాత్రం పడకూడదు. దీన్ని నెగ్గేది లామినేటెడ్ అద్దం: రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర. కొటేషన్‌లో '6+1.52+6' అని ఉంటే నడిమి అంకె ఆ పొర మందం, మిల్లీమీటర్లలో. ముక్కలు దానికే అతుక్కుని ఉంటాయి.

ఆఫీసు భవనాల ముఖాన్ని అద్దాలతో కప్పే కర్టెన్ వాల్ పద్ధతి ఇంటికి పనికొచ్చేది ఇక్కడే. అందులో అద్దం అంచు లోతైన గాడిలో కూర్చుంటుంది. నిలువు అల్యూమినియం సెక్షన్లను స్టీలు బ్రాకెట్లతో నేరుగా స్లాబుకే బిగిస్తారు. మామూలు కిటికీలా ఇటుక గోడలో నాలుగు స్క్రూలు దించి సిలికాన్ పూస్తే ఆ టన్ను బరువును స్లాబ్‌కు చేర్చేదేదీ ఉండదు.

ఇంకొకటి, ఫ్రేము అడుగున సన్న రంధ్రాలుంటాయి. లోపలికి చేరిన వాన నీరు బయటికి పోయే దారి అది. చీమలొస్తున్నాయని వాటిని సిలికాన్‌తో పూడ్పించకండి.