బ్రేక్ తొక్కితే పార్కింగ్ లైటు వెలిగింది

మా ఇంట్లో నాన్న ఎంతో ఇష్టంగా చూసుకునే పాత అంబాసిడర్ ఉంది. పోయిన వర్షాకాలంలో ఒక సాయంత్రం ఆయన లోపల కూర్చుని బ్రేక్ తొక్కుతుంటే, నేను చుట్టూ తిరిగి లైట్లు చూస్తున్నాను. వెనక ఎడమవైపు బ్రేక్ లైటు వెలగలేదు. ముందుకొచ్చి చూస్తే, లైట్ల స్విచ్ ఆఫ్‌లోనే ఉన్నా పార్కింగ్ బల్బులు మసగ్గా వెలుగుతున్నాయి! నాన్న కాలు తీస్తే ఆరిపోయాయి, మళ్లీ తొక్కితే మళ్లీ వెలిగాయి.

చూపించిన మెకానిక్ వైరింగ్ మొత్తం మార్చెయ్యాలన్నాడు. కానీ తప్పు వైర్లలో కాదు, ఎర్త్‌లో ఉంది.

పాత కార్లలో బల్బుకి కరెంటు తెచ్చే వైరు ఉంటుంది కానీ, చాలాచోట్ల తిరిగి తీసుకెళ్లే వైరు విడిగా ఉండదు. కారు ఇనుప బాడీయే ఆ పని చేస్తుంది, ఈ తిరుగు దారినే ఎర్త్ అంటారు. బల్బు ఇత్తడి మెడ నుంచి హోల్డర్‌కి, హోల్డర్ నుంచి బాడీకి, బాడీ నుంచి బ్యాటరీకి. వెనక లైటు బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి: బ్రేక్‌కి 21 వాట్లది, టెయిల్ లైటుకి 5 వాట్లది. రెండిటి రెండో కొసా ఆ ఇత్తడి మెడకే కలుస్తుంది. మా హోల్డర్ తుప్పు పట్టి బాడీతో సంబంధం తెగిపోయింది. దాంతో 21 వాట్ల ఫిలమెంటు దాటిన కరెంటు, దారి లేక పక్కనున్న 5 వాట్ల ఫిలమెంటులోకి ఎదురెక్కింది. అక్కణ్ణుంచి టెయిల్ లైటు వైరు పట్టుకుని ముందున్న పార్కింగ్ బల్బుల దాకా వెళ్లి, వాటి ఎర్త్ ద్వారా ఇల్లు చేరింది. ఎంత చక్కటి లెక్క! కరెంటు ఎక్కడా తప్పు చెయ్యలేదు, ఉన్న దారినే పోయింది.

హోల్డర్ విప్పి చూస్తే అసలు కథ కనిపించింది. అడుగున గట్టి అట్టలాంటి ఫైబర్ బిళ్ల, దాని మీద రెండు చిన్న కాంటాక్టులు, వెనక ఒక స్ప్రింగు. బల్బు అడుగున ఉండే టంకం బొట్టు మెత్తని లోహం. ఏళ్ల తరబడి స్ప్రింగు ఒత్తిడికి, వేడికి అది నొక్కుకుపోతుంది. ఆ వేడికే స్ప్రింగు కూడా బిగువు కోల్పోతుంది. పట్టు వదులైన చోట కారు కుదుపులకి లోహం లోహాన్ని రాపాడుతుంది, రాలిన పొడి ఆక్సైడ్‌గా మారి మధ్యలో పేరుకుంటుంది. వాన నీళ్లు చేరితే ఇత్తడి, ఇనుము కలిసి చిన్నపాటి బ్యాటరీలా పనిచేస్తాయి. ఆ జంటలో నష్టపోయేది ఇనుమే.

కాంటాక్టుల మీది చిలుము తీయడానికి అమ్మ ఇత్తడి చెంబులు తోమే చింతపండే వాడాను. అందులోని టార్టారిక్ ఆమ్లం రాగి ఆక్సైడ్‌ని కరిగిస్తుంది. నిమిషాల్లో పసుపు మెరుపు తేలింది. తర్వాత మంచినీళ్లతో బాగా కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. పులుపు ఏమాత్రం మిగిలినా వారానికే మళ్లీ పచ్చబడుతుంది. జింకు పూత ఉన్న ఇనుప భాగాలకి మాత్రం ఇది తగలనివ్వకూడదు, పూత తినేస్తుంది. వాటిని సన్నటి ఎమరీ కాగితంతో రుద్దాను. స్ప్రింగు కొత్తది వేసి, కాంటాక్టులకి పల్చగా వాసలీన్ రాసి బిగించాను. హోల్డర్ నుంచి బాడీకి విడిగా ఒక ఎర్త్ వైరు కూడా లాగాను. అన్నిటికన్నా మేలు చేసింది ఇదే.

పని మొదలుపెట్టేముందు బ్యాటరీ కేబుల్ తీసెయ్యాలి. ఒకప్పటి బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ కొసే బాడీకి కలిసి ఎర్త్‌గా ఉండేది. ఏది ఎర్తో చూసుకోకుండా ఏ వైరునీ కదపొద్దు.

మీటరు విషయంలో చాలామంది పొరబడతారు. బల్బు తీసేసి మల్టీమీటర్‌తో చూసి, బీప్ వచ్చింది కాబట్టి వైరు బాగుందంటారు. వైరులో ఒక్క రాగి పోగు మిగిలినా బీప్ వస్తుంది. కానీ ఆ ఒక్క పోగు అసలు కరెంటుని మోయలేదు. బల్బు వెలుగుతుండగా, హోల్డర్ ఒంటికీ బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కీ మధ్య వోల్టేజీ చూడాలి. 0.1, 0.2 వోల్టుల లోపు ఉంటే బాగున్నట్టు. 1.5 వోల్టులు చూపిస్తే, బల్బుకి అందాల్సిన 12లో అంత దారిలోనే పోతున్నట్టు. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, సుమారుగా దాని మూడున్నరో ఘాతంతో పడిపోతుంది. అంటే ఎనిమిదో వంతు వోల్టేజీ పోతే మూడో వంతుకు పైగా వెలుగు పోతుంది.

హెడ్‌లైట్ల దగ్గర సంగతి ఇంకా తీవ్రం. 60 వాట్ల బల్బులు రెండు కలిసి 10 ఆంపియర్లు లాగుతాయి. స్విచ్‌లో 0.1 ఓమ్ నిరోధం చేరినా దాదాపు ఒక వోల్టు పోతుంది. దాదాపు 10 వాట్ల వేడి ఆ చిన్న స్విచ్‌లోనే పుడుతుంది. వెలుగు తగ్గిందని ఎక్కువ వాట్ల బల్బు పెడితే ఆ వేడి ఇంకా పెరుగుతుంది, అలా కాలిపోయిన స్విచ్‌లు చూశాను. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్) పెట్టి, బ్యాటరీ నుంచి ఫ్యూజ్‌తో మందమైన వైరు లాగడమే సరైన పని.

అన్ని వైర్లనీ కాపాడలేం. పాత రబ్బరు తొడుగు గాలికి పెళుసుబారి, వంచగానే పగుళ్లిస్తుంది. రబ్బరుని గట్టిపరచడానికి గంధకం కలుపుతారు. పూత లేని రాగిని ఆ గంధకం నల్లబరుస్తుంది, అలాంటి తీగకి టంకం అంటుకోదు. ఆ ముక్క కోసి కొత్తది వెయ్యాల్సిందే. పాత వైరు రంగునే కొత్తదానికీ ఎంచుకుంటే, రేపు విప్పేవాళ్లకి తడబాటు ఉండదు.

ఎడమవైపు హోల్డర్ దగ్గర ఇప్పుడు మీటరు 0.06 వోల్టులు చూపిస్తోంది. వెనక కుడివైపుది ఇంకా 0.7 మీద ఉంది. వచ్చే ఆదివారం దాన్ని విప్పాలి.