మిసిసిపీ జాన్ హర్ట్ గిటార్: అపోహలు - వాస్తవాలు

నేను ఫింగర్‌స్టైల్ గిటార్, అంటే తీగల్ని వేళ్లతో మీటే పద్ధతి, నేర్పుతాను. కొత్తగా వచ్చినవాళ్లకి మొదట అమెరికా బ్లూస్ గాయకుడు, గిటారిస్టు మిసిసిపీ జాన్ హర్ట్ పాటలే వినిపిస్తాను. (బ్లూస్ అంటే అక్కడి నల్లజాతివాళ్ల పాటల శైలి.) విన్నాక అందరూ ఇంచుమించు ఇవే మాటలంటారు.

అపోహ: ఇద్దరు వాయిస్తున్నారు.

వాస్తవం: ఒక్కరే. 1928లో ఓకే రికార్డ్స్ అనే కంపెనీకి ఆయన పాడినవాటిలో ఆయన గొంతు, ఆయన గిటార్ తప్ప ఇంకేమీ లేవు. కిటుకంతా కుడిచేతి బొటనవేలిలో ఉంది. సీ కార్డ్ (ఎడమచేత్తో తీగలు నొక్కి పట్టే ఒక స్వరాల కూర్పు) పట్టుకోండి. బొటనవేలితో ఐదో తీగ, నాలుగో తీగ, మళ్లీ ఐదు, నాలుగు, బీటుకొకటి చొప్పున ఆపకుండా మీటండి. ఇప్పుడు చూపుడువేలు, మధ్యవేలితో సన్నతీగల మీద పాట వరస పలికించాలి. వాటిలో చాలా స్వరాలు బీటు మీద కాదు, రెండు బీట్ల మధ్య పడాలి. చెవికి రెండో గిటార్ వినిపించేది అక్కడే.

అపోహ: నెమ్మదైన పాటలు కాబట్టి వారంలో వచ్చేస్తాయి.

వాస్తవం: రావు. గొంతు కలపగానే బొటనవేలు పాట వెంట పడిపోతుంది. అందుకే ముందు బొటనవేలు ఒక్కటే ఆడిస్తూ పక్కవాళ్లతో కబుర్లు చెప్పమంటాను. మాట్లాడుతున్నా బీటు తప్పకపోతే అప్పుడు వరస కలుపుతాం.

అపోహ: బ్లూస్ అంటే ఏడుపు పాటలు.

వాస్తవం: ఆయన ఊళ్లో డాన్సులకు వాయించిన మనిషి. భక్తి పాటలూ రికార్డు చేశారు. 'ఫ్రాంకీ' లాంటి హత్య కథను కూడా గొంతు పెంచకుండా, పక్కన కూర్చుని చెబుతున్నట్టు పాడతారు. నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చేది అదే.

అపోహ: 1928 తర్వాత సంగీతం మానేశారు.

వాస్తవం: ఆర్థిక మాంద్యం దెబ్బకి రికార్డుల వ్యాపారం కుదేలైంది, ఆయన్ని మళ్లీ పిలిచినవాళ్లు లేరు. అవలాన్ అనే చిన్న ఊళ్లో పొలం పని చేసుకుంటూ తెలిసినవాళ్ల మధ్య వాయిస్తూనే ఉన్నారు. న్యూయార్క్‌లో రికార్డు చేసిన 'అవలాన్ బ్లూస్'లో అది తన సొంతూరని పాడుకున్నారు. ఆ ఒక్క ఆధారంతో 1963లో టామ్ హాస్కిన్స్ అనే బ్లూస్ అభిమాని ఆయన్ని వెతికి పట్టుకున్నాడు. ఆ ఏడాదే అమెరికాలో జరిగే జానపద సంగీతోత్సవం న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్‌లో హర్ట్ పాడారు. డెబ్బై ఏళ్ల వయసులో దేశమంతా తెలిశారు. 1966లో చనిపోయారు.

నేర్చుకునేవాళ్లు ముందుగా ఈ చివరి మూడేళ్ల రికార్డింగులు వినండి. పాత రికార్డుల గరగర ఉండదు, బొటనవేలు ఏ తీగ మీద ఉందో తేలిగ్గా పట్టుకోవచ్చు.