బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్లు, వినికిడి లోపం: నేను రోజూ వినే అపోహలు

"చెవిలో పెట్టక్కర్లేని హెడ్‌ఫోన్లు వచ్చాయట కదా మేడం, ఎముక ద్వారా వినిపిస్తాయట. నాన్నగారికి అవి కొంటే సరిపోతుందా?" వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టుగా ఈ ప్రశ్న ఈమధ్య తరచూ వింటున్నాను. కొందరికి చక్కగా సరిపోతాయి, చాలామందికి సరిపోవు. ఎవరికి ఏదన్నది ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్షలో వచ్చే గ్రాఫు) చూస్తే తెలుస్తుంది. అందుకే కొనేముందు ఒక్కసారి పరీక్ష చేయించుకోమని బతిమాలుతుంటాను.

అపోహ: ఎముక ద్వారా వెళ్లే శబ్దం చెవితో పనిలేకుండా నేరుగా మెదడుకి చేరుతుంది.

ఎక్కువమందికి నిరాశ మిగిల్చేది ఇదే. మామూలుగా శబ్దం చెవి రంధ్రంలోంచి వెళ్లి కర్ణభేరిని కదిలిస్తుంది. దాని వెనకున్న మూడు చిన్న ఎముకలు ఆ కదలికను లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియాకి అందిస్తాయి. అక్కడి రోమకణాలు దాన్ని నరానికి సంకేతంగా మారుస్తాయి. బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్ చెవికి కాస్త ముందు ఎముక మీద ఆనుకుని పుర్రెను సన్నగా కంపింపజేస్తుంది. ఆ కంపనం బయటి చెవినీ, మధ్య చెవినీ దాటేసే మాట నిజమే. కానీ చివరికి చేరేది కాక్లియాకే.

కాబట్టి లోపం కాక్లియాకి వెళ్లే దారిలో ఉంటే ఇవి బాగా పనిచేస్తాయి. కర్ణభేరికి చిల్లు పడడం, మధ్య చెవిలో నీరు చేరడం, ఓటోస్క్లెరోసిస్ అనే జబ్బు వల్ల మధ్య చెవిలోని చిన్న ఎముక బిగుసుకుపోవడం, పుట్టుకతోనే చెవి రంధ్రం మూసుకుపోయి ఉండడం ఇలాంటివే. వయసు వల్లనో, ఏళ్ల తరబడి మోతలో పనిచేయడం వల్లనో రోమకణాలే దెబ్బతింటే మాత్రం శబ్దాన్ని ఏ దారిన పంపినా అందుకునే కణాలు తక్కువే. పెద్దవయసులో వచ్చే వినికిడి లోపం ఎక్కువగా ఈ రకమే.

మీ ఆడియోగ్రామ్ ఒకసారి తీసి చూడండి. కుడి చెవికి ఎర్రటి గుండ్రాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ మార్కులు ఉంటాయి. అవి గాలి ద్వారా విన్నవి. బాణం మొనల్లాంటివో, బ్రాకెట్లలాంటివో ఉన్న గుర్తులు ఎముక ద్వారా విన్నవి. గుండ్రాలు కింద 50 డెసిబెల్స్ దగ్గర, ఎముక గుర్తులు పైన 10 దగ్గర ఉన్నాయనుకోండి, ఆ 40 డెసిబెల్స్ తేడానే ఈ హెడ్‌ఫోన్ దాటేయగలదు. రెండూ కలిసే నడుస్తుంటే దాటడానికి ఏమీ లేదు.

అపోహ: పెట్టగానే ఉలిక్కిపడ్డాడు, అంటే వినిపిస్తున్నట్టే.

తీవ్రమైన చెవుడున్న ఒక అబ్బాయికి చెవి వెనక వైబ్రేటర్ పెట్టి 250 హెర్ట్జ్ శబ్దం ఇచ్చాను. ఇచ్చిన ప్రతిసారీ బటన్ నొక్కాడు. బయట వాళ్లమ్మ ముఖం వెలిగిపోయింది. "వినపడిందా, తగిలిందా?" అని సైగ చేసి అడిగితే, చెవి వెనక వేలు పెట్టి, చేతిని వణికించి చూపించాడు. తక్కువ ఫ్రీక్వెన్సీ కంపనాలు చర్మానికే తెలుస్తాయి. ఆ తల్లికి ఆ సంగతి చెప్పడం నాకు చాలా కష్టమైంది. హెడ్‌ఫోన్ ఇంట్లో పరీక్షించాలంటే పాట పెట్టకండి. మాటలు పెట్టండి, విన్న మాటను తిరిగి చెప్పమనండి.

అపోహ: హియరింగ్ ఎయిడ్ బదులు ఇవి వాడుకోవచ్చు.

హెడ్‌ఫోన్ ఫోన్‌లోని శబ్దాన్ని వినిపిస్తుంది. ఎదురుగా కూర్చున్న మనిషి మాటను పట్టి పెంచి ఇవ్వదు. మీకు ఏ ఫ్రీక్వెన్సీ ఎంత తగ్గిందో అంత పెంచడం హియరింగ్ ఎయిడ్ పని. ఎముక మార్గంలోనే పనిచేసే అసలు వినికిడి పరికరాలు వేరే ఉన్నాయి. పిల్లలకు తలకు బ్యాండ్‌లా కట్టేవి ఒక రకం. చెవి వెనక ఎముకలో టైటానియం స్క్రూ అమర్చి పెట్టేవి ఇంకో రకం, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1977 నుంచే మొదలయ్యాయి.

అపోహ: చెవిలో పెట్టం కాబట్టి ఎంత సౌండ్ అయినా ఫర్వాలేదు.

అలసిపోయేది అవే రోమకణాలు. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వీటితో అసలు చిక్కేమిటంటే, చెవులు తెరిచే ఉంటాయి కాబట్టి రద్దీలో వాల్యూమ్ తెలియకుండానే పెంచేస్తాం. ఈ కంపనాలు మెదడుకి హాని చేస్తాయన్న భయం మాత్రం అక్కర్లేదు.

చెవిలో చీము కారేవాళ్లకు ఇవి మేలే, చెవికి గాలి ఆడుతుంది. కానీ బాగా వినిపిస్తోంది కదా అని వైద్యం మానేయకండి. కొలెస్టియటోమా (మధ్య చెవిలో చర్మం పేరుకుని గడ్డలా పెరగడం) లాంటిది ఉంటే లోపల ఎముకను తినేస్తూనే ఉంటుంది.

ఒక చెవి పూర్తిగా పోయినవాళ్లు తరచూ అడుగుతారు: "పోయిన చెవి మళ్లీ వింటుందా?" వినదు. ఆ వైపు పెట్టిన కంపనం పుర్రె మీదుగా దాదాపు తగ్గకుండా మంచి చెవి కాక్లియాకి వెళ్తుంది. దానివల్ల స్టీరియోలో ఒక వైపు శబ్దం పోకుండా అందుతుంది కానీ, శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలియదు. ఫోన్ సెట్టింగుల్లో మోనో ఆడియో (రెండు వైపుల శబ్దాన్నీ కలిపి ఇచ్చేది) ఆన్ చేసినా ఆ లాభం రూపాయి ఖర్చు లేకుండా వస్తుంది.

ఒక్క రోజులోనో, రెండు మూడు రోజుల్లోనో ఉన్నట్టుండి చెవి వినిపించడం మానేస్తే మాత్రం హెడ్‌ఫోన్ల గురించి ఆలోచించకండి. లోపలి చెవి దెబ్బతిన్నదైతే స్టెరాయిడ్ వైద్యం ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.