వసంతం ముగుస్తున్నా కదలని వలస పక్షులు: అపోహలు – వాస్తవాలు

శీతాకాలపు విడిదికి వచ్చిన వలస పక్షి ఏప్రిల్ చివరనో, మే నెలలోనో ఇంకా అక్కడే మేస్తూ కనిపిస్తే, అది దారి తప్పిందనో, జబ్బు పడిందనో, తిండికి మరిగి ఆగిపోయిందనో అనుకోవడం పరిపాటి. పక్షులను వలలో పట్టి, తూచి, కాలికి రింగు తొడిగి వదిలే పనిలో ఉన్న నాకు ఈ మూడు మాటలూ ప్రతి ఏటా వినిపిస్తాయి. నిజంగా దారి తప్పినవీ, జబ్బు పడినవీ లేకపోలేదు గానీ, ఆలస్యంగా కనిపించే పక్షుల్లో అవి కొద్దిపాటివే. తక్కినవాటి సంగతి తేదీని బట్టి తేలదు. వాటి ఈకలను, పొట్టను, మేసే తీరును చూస్తే తెలుస్తుంది.

అపోహ: ఎండలు ముదరగానే వలస పక్షులన్నీ ఒక్కసారిగా వెళ్లిపోతాయి, మిగిలినవి గుంపు నుంచి వెనకబడినవి.

వాస్తవం: పక్షి ఒంట్లో ప్రయాణపు తొందరను పుట్టించేది ప్రధానంగా పగటి నిడివి. 1920లలో కెనడాలో విలియం రోవన్ అనే జీవశాస్త్రవేత్త జుంకో అనే చిన్న పిట్టలను ఆరుబయట పంజరాల్లో ఉంచి, గడ్డకట్టే చలికాలంలోనే విద్యుద్దీపాలతో వాటికి పగటిని పొడిగించాడు. చలి అలాగే ఉన్నా, వాటి జననాంగాలు వసంతంలో మాదిరిగా పెరిగాయి. బయలుదేరే రోజును మాత్రం గాలి దిశ, వాన, ఒంట్లోని కొవ్వు కలిసి తేలుస్తాయి.

వీటికి తోడు, ఏ పక్షి ఎక్కడికి వెళ్లాలన్నది మరో లెక్క. సమశీతోష్ణ ప్రాంతాల్లో గూడు కట్టే జాతులు మార్చిలోనే కదిలిపోవచ్చు. ఆర్కిటిక్ టండ్రాలో గుడ్లు పెట్టే రడ్డీ టర్న్‌స్టోన్, కర్ల్యూ శాండ్‌పైపర్, రెడ్ నాట్ వంటి తీరపు పిట్టలకు ఆ తొందర లేదు, ఎందుకంటే అక్కడ నేల మీది మంచు చాలాచోట్ల జూన్ మొదటి రోజుల దాకా కరగదు. ముందే చేరితే తినడానికి పురుగు దొరకదు, గూటికి చోటు దొరకదు. మే నెలలో బురద నేలల మీద కనిపించే టర్న్‌స్టోన్ ఆలస్యమైంది కాదు, సరిగ్గా వేళకే ఉంది. ఒకే జాతిలోనూ మగవి ముందు, ఆడవి తరువాత వెళ్లడం చాలా పక్షుల్లో మామూలే.

అపోహ: జూన్‌లో కూడా ఉన్నదంటే అది ఎగరలేని పక్షే.

వాస్తవం: తీరపు పిట్టల్లో పెద్ద జాతులు చాలావరకు పుట్టిన మరుసటి ఏడాది గూడు కట్టవు. కర్ల్యూ, వింబ్రెల్, గ్రే ప్లోవర్, బార్-టెయిల్డ్ గాడ్విట్ పిల్లలు మొదటి వేసవి మొత్తం శీతాకాలపు విడిదిలోనే గడుపుతాయి. న్యూజిలాండ్‌లో విడిది చేసే గాడ్విట్‌లు మొదటిసారి ఉత్తరానికి బయలుదేరడానికి రెండు నుంచి నాలుగేళ్లు పడుతుంది. జత కట్టే ఈడు రాని పిట్ట వేల కిలోమీటర్లు ఎగిరి అక్కడ చేసే పనేమీ లేదు.

వీటిని గుర్తుపట్టడానికి ఈకలే ఆధారం. ప్రయాణానికి సిద్ధమవుతున్న, ఈడొచ్చిన కర్ల్యూ శాండ్‌పైపర్ మే నాటికి మెడ నుంచి పొట్ట దాకా ఇటుక రంగు తేలుతుంది. శీతాకాలమంతా బూడిద రంగులో చూసిన పిట్టే కాబట్టి, కొత్త జాతి వచ్చిందని సంబరపడి ఫొటోలు పంపేవారు ప్రతి వసంతంలోనూ ఉంటారు. ఆ పొరపాటు నేనూ చేశాను. మొదటి ఏటి పిట్ట మాత్రం అదే కాలంలో చాలావరకు బూడిద రంగులోనే ఉంటుంది, రెక్కల కొసల పొడవాటి ఈకలు అరిగి, అంచులు పీచులు పీచులుగా కనిపిస్తాయి.

అపోహ: పొద్దస్తమానం తింటూనే ఉందంటే ఆకలితో అలమటిస్తోందని అర్థం.

వాస్తవం: ఇది అన్నిటికన్నా పెద్ద అపార్థం. వలసకు ముందు వారాల్లో పక్షి కావాలనే అతిగా తింటుంది. ఒక గ్రాము కొవ్వు ఇచ్చే శక్తి, అదే బరువు పిండిపదార్థం ఇచ్చే దానికి రెట్టింపు కన్నా ఎక్కువ కాబట్టి, మోసుకెళ్లే ఇంధనంగా కొవ్వును మించినది లేదు. పిట్టను చేతిలో వెల్లకిలా పట్టుకుని పొట్ట మీద మెల్లగా ఊదితే ఈకలు విడిపోయి పల్చటి చర్మం బయటపడుతుంది; దాని కింద కొవ్వు పసుపు రంగులో కనిపిస్తుంది. శీతాకాలం మధ్యలో గొంతు కింది గుంట బోలుగా, ముదురు ఎరుపు కండతో ఉంటుంది. వెళ్లే ముందు అదే గుంట వెన్నతో నింపినట్టు ఉబ్బి, కొవ్వు రొమ్ము కండ మీదికి కూడా పాకి ఉంటుంది. దూరం నుంచి చూసేవారికి కూడా కాళ్ల వెనక పొట్ట కిందికి జారి ఉండటం తెలుస్తుంది. అలాంటి పిట్ట రేపో ఎల్లుండో ఉండదని ధైర్యంగా చెప్పవచ్చు.

రెడ్ నాట్ కథ దీనికి మంచి ఉదాహరణ. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ పక్షులు మే నెలలో అమెరికా తూర్పు తీరంలోని డెలావేర్ బే దగ్గర దిగి, గుర్రపుడెక్క పీతలు ఇసుకలో పెట్టిన గుడ్లను తిని, సుమారు రెండు వారాల్లో దాదాపు రెట్టింపు బరువెక్కుతాయి. మామూలుగా ఇవి గవ్వలను గుల్లతో సహా మింగి కందనకాయలో నలిపి అరిగించుకునే పక్షులు. దూర ప్రయాణానికి ముందు ఆ కందనకాయ కుంచించుకుపోతుంది. అనవసరపు బరువు మోయకూడదు కదా. దిగిన వెంటనే గవ్వలను అరిగించుకునే శక్తి దానికి ఉండదు, అందుకే గుల్ల లేని మెత్తని గుడ్లు అంత అవసరం. మే నెలలో ఆ తీరంలో వాటిని చెదరగొట్టడం వల్ల జరిగే నష్టం మామూలు రోజుల్లో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

అపోహ: గింజలు తినే పిట్ట ఏడాది పొడుగునా గింజలే తింటుంది.

వాస్తవం: మేత కాలాన్ని బట్టి మారుతుంది. గులాబీ గోరింకలు శీతాకాలమంతా దక్షిణాసియాలో జొన్న చేలమీదా, చెట్ల పూలలోని తేనెమీదా పడి బతుకుతాయి; మధ్య ఆసియాకు చేరి పిల్లల్ని పెంచేటప్పుడు అవే మిడతలను వేటాడతాయి. చైనాలోని షిన్‌జియాంగ్‌లో మిడతల బెడద తగ్గించడానికి వీటి కోసం ప్రత్యేకంగా గూళ్లు కట్టించారు. ఒక ఊరి రైతు రాయి విసిరే పిట్టకే ఇంకోచోట ఇల్లు కట్టి పిలుస్తారన్నమాట. జుంకోల వంటి గింజల పిట్టలు కూడా వసంతం నుంచి పురుగుల వైపు మళ్లుతాయి.

అపోహ: మనం మేత పెట్టడం వల్లే అవి ఆగిపోతున్నాయి.

వాస్తవం: పెరటి మేత ఆరోగ్యంగా ఉన్న పక్షిని వలస మానేలా చేయదు, కొవ్వు పట్టిన పక్షికి ప్రయాణం సులువవుతుంది తప్ప కష్టం కాదు. అయితే మేత ప్రభావమే లేదనడం కూడా సరికాదు. మధ్య ఐరోపాలో పుట్టిన బ్లాక్‌క్యాప్ అనే చిన్న పిట్టల్లో కొన్ని దక్షిణానికి పోకుండా వాయవ్యంగా బ్రిటన్‌కు వెళ్లి శీతాకాలం గడపడం 1960ల నుంచి పెరిగింది. అక్కడి పెరళ్లలో దొరికే మేత అందుకు తోడ్పడింది. కానీ అది తరతరాలుగా వచ్చిన మార్పు. జర్మన్ పక్షి శాస్త్రవేత్త పీటర్ బెర్తోల్డ్ ప్రయోగాల్లో, ఆ పక్షుల పిల్లలు పంజరంలో పెరిగినా వాయవ్యం వైపే తిరిగాయి.

అపోహ: ఒంటికాలి మీద గెంతే పిట్టకు కాలు విరిగింది.

వాస్తవం: తీరపు పిట్టలు రెండో కాలిని ఈకల్లో ముడుచుకుని, బద్ధకంగా అదే ఒంటికాలిమీద పది అడుగులు గెంతుతాయి. కాసేపు ఆగితే రెండో కాలు దిగుతుంది. నిజమైన జబ్బుకు గుర్తులు వేరు: ఒక రెక్క వేలాడటం, రొమ్ము ఎముక కత్తి అంచులా పొడుచుకు రావడం, పోటు నీరు పాదాల దాకా వచ్చినా కదలకపోవడం.

అపోహ: ఆలస్యంగా ఒక పక్షి కనిపించిందంటే వాతావరణ మార్పుకు రుజువు.

వాస్తవం: ఒక్క పక్షి ఏదీ రుజువు చేయదు, ఏళ్ల తరబడి రాసిన తేదీలు కావాలి. అలాంటి దీర్ఘకాలపు లెక్కలతోనే 2001లో పరిశోధకులు క్రిస్టియన్ బోత్, మార్సెల్ విస్సర్ నెదర్లాండ్స్‌లోని పైడ్ ఫ్లైక్యాచర్ అనే పురుగులు తినే చిన్న పిట్ట గురించి ఒక సంగతి తేల్చారు. వసంతం ముందుకు జరిగి గొంగళి పురుగులు త్వరగా వస్తున్నా, పశ్చిమ ఆఫ్రికాలో విడిది చేసిన ఈ పిట్ట తిరిగి వచ్చే తేదీ మారలేదు. పిల్లలకు పురుగులు కావలసిన వేళకు పురుగుల కాలం దాటిపోతోంది.

ఇలాంటి లెక్కలో మీరు చూసిన పక్షి కూడా చేరాలంటే తేదీ, చోటుతో పాటు నాలుగు సంగతులు రాసుకోండి: ఈకల రంగు, పొట్ట ఉబ్బు, ఏం తింటోంది, ఒంటరిగా ఉందా గుంపులో ఉందా. కాలికి పరిశోధకులు తగిలించిన రంగు జెండా (చిన్న ప్లాస్టిక్ పట్టీ) ఉంటే దాని మీది అక్షరాలను, అది ఏ కాలికి ఉందో కూడా రాయండి. ఎడమా కుడీ అన్నది పక్షి వైపు నుంచి చెప్పాలి, చూసేవారి వైపు నుంచి కాదు.