విన్స్ గిల్లిగన్‌కి ఆ స్వేచ్ఛ ఎక్కడి నుంచి వచ్చింది?

2022లో ఆపిల్ ఒక సిరీస్‌కి పైలట్ (నమూనా ఎపిసోడ్) కూడా తీయకముందే ఒకేసారి రెండు సీజన్లు ఆర్డర్ ఇచ్చేసింది. అదే 2025 నవంబర్‌లో వచ్చిన ‘ప్లూరిబస్’. గిల్లిగన్ అనే ఒక అమెరికన్ టీవీ రచయితని నమ్మి, అంత స్వేచ్ఛ ఇచ్చి అంత డబ్బు ఎలా పెట్టారో అర్థం కావాలంటే ఆయనకి పేరు తెచ్చిన సిరీస్ ‘బ్రేకింగ్ బ్యాడ్’ దగ్గర మొదలుపెడితే సరిపోదు, ఇంకా వెనక్కి, 1995కి వెళ్లాలి.

వర్జీనియాలో పుట్టిన గిల్లిగన్ రాసిన కథ ‘ఎక్స్ ఫైల్స్’ అనే టీవీ సిరీస్‌లో మొదటిసారి ప్రసారమైంది ఆ ఏడాదే. తర్వాత అక్కడే ఉద్యోగం. ఆ షోలో రచయిత స్క్రిప్ట్ ఇచ్చేసి ఇంటికెళ్లడం కుదిరేది కాదు, తన ఎపిసోడ్ షూటింగూ ఎడిటింగూ కూడా చూసుకోవాలి. నా లెక్కలో అసలు చదువు అదే. 1998లో ‘డ్రైవ్’ అనే ఎపిసోడ్ రాశాడు. అందులో నోరు తెరిస్తే విషం కక్కే మనిషి ఒకడుంటాడు, అయినా వాడు చచ్చిపోతుంటే మనకి జాలి వేయాలి. ఆ పాత్ర వేసింది బ్రయాన్ క్రాన్‌స్టన్.

2002లో ‘ఎక్స్ ఫైల్స్’ అయిపోయింది. చేతిలో సరైన పని లేని రోజుల్లో, పాత సహ రచయిత థామస్ ష్నాజ్‌తో ఫోన్లో మాట్లాడుతుంటే, వ్యాన్ వెనక డ్రగ్స్ వండుకుని బతుకుదామా అనే జోకు వచ్చింది. ‘బ్రేకింగ్ బ్యాడ్’లో డ్రగ్స్ వండే కెమిస్ట్రీ టీచర్ వాల్టర్ వైట్ పుట్టింది ఆ జోకులోంచే. కానీ కొనేవాళ్లేరీ? ఎఫ్‌ఎక్స్ ఛానెల్ తీసుకుని వదిలేసింది, చివరికి ఏఎంసీ ఛానెల్ ఒప్పుకుంది. వాళ్లకీ ఒక టెన్షన్: వాల్టర్‌ పాత్రకి గిల్లిగన్ అనుకున్న క్రాన్‌స్టన్ అంటే అప్పటికి జనానికి కామెడీ నాన్నే. గిల్లిగన్ వాళ్లకి ‘డ్రైవ్’ వేసి చూపించాడు, అంతే, గొడవ లేదు.

కథ మొదట కాలిఫోర్నియాలో అనుకున్నారు. పన్ను రాయితీ కోసం న్యూ మెక్సికోలోని ఆల్బుకర్కీకి మార్చారు. ఇప్పుడు ఆ ఎడారి లేకుండా ఆ సిరీస్‌ని ఊహించగలమా! రచయితల సమ్మె వల్ల మొదటి సీజన్ 7 ఎపిసోడ్లకే ఆగింది. వాల్టర్‌తో కలిసి డ్రగ్స్ వండే కుర్రాడు జెస్సీ పాత్ర బతికింది కూడా సమ్మె పుణ్యమేనని చాలామంది రాస్తుంటారు గానీ, ఆ పాత్ర వేసిన ఆరన్ పాల్ నటన చూశాక చంపకూడదని ముందే అనుకున్నామని గిల్లిగనే చెప్పాడు.

2008లో మొదటి ఎపిసోడ్ చూసింది సుమారు 14 లక్షల మంది, 2013లో చివరిది కోటి దాటింది. మధ్యలో జనం నెట్‌ఫ్లిక్స్‌లో పాత సీజన్లు చూసి వచ్చి చేరారు. తర్వాత రచయిత పీటర్ గూల్డ్‌తో కలిసి, ‘బ్రేకింగ్ బ్యాడ్’లోని లాయర్ పాత్ర మీద చేసిన సిరీస్ ‘బెటర్ కాల్ సాల్’కి 53 ఎమ్మీ (అమెరికా టీవీ అవార్డుల) నామినేషన్లు వచ్చాయి, అవార్డు ఒక్కటీ రాలేదు. అన్యాయం అనే అంటాను.

అందులో కిమ్‌గా చేసిన రియా సీహార్న్‌ని చూశాకే ‘ప్లూరిబస్’ కథని ఆమె కోసం మార్చుకున్నాడు, ముందు అందులో హీరో మగవాడు. 2025 ఫిబ్రవరిలో రైటర్స్ గిల్డ్ అవార్డు అందుకుంటూ, విలన్లు చాలామంది అయ్యారు, ఇక మంచివాళ్లని రాద్దాం అన్నాడు. ఆ మంచి మనిషిగా ఆయన తెచ్చిన కారల్ మాత్రం ప్రపంచమంతా ఒకే మనసై ఆనందంగా ఉంటే చిరాకుపడి పోట్లాడే నవలా రచయిత్రి.